పై బాత్‌రూమ్ నీళ్ళు కింది పోర్షన్‌లోకి కారుతున్నాయి, అద్దె ఆపేశారు. ఏం చెయ్యాలి?

పూణె_నుంచి
వనస్థలిపురంలో మాది జీ ప్లస్ టూ ఇల్లు. 1998లో నాన్న కట్టించారు. ఐదు పోర్షన్లు. కింద ముందు పోర్షన్‌లో అమ్మ ఉంటుంది, మిగతా నాలుగూ అద్దెకిచ్చాం. అన్నీ కలిపి నెలకి 55 వేలు వస్తాయి. నాన్న ఉన్నన్నాళ్ళూ ఇంటి సంగతులన్నీ ఆయనే చూసుకునేవారు. ఆయన పోయి ఏడాదిన్నర దాటింది. నేను పూణెలో ఉద్యోగం చేస్తున్నా. చెల్లి పెళ్ళయి వైజాగ్‌లో ఉంది.

కింద వెనక పోర్షన్‌లో బాత్‌రూమ్ పక్క గది సీలింగ్‌కి మూడు నెలలుగా చెమ్మ. మొదట చపాతీ అంత మరక ఉండేది. ఇప్పుడు గోడ మూల దాకా పాకింది, పెచ్చులు ఊడి మంచం మీద పడుతున్నాయట. ముగ్గురు ప్లంబర్లు వచ్చారు. ఒకరు పైన నానీ ట్రాప్ (నేల మీద నీళ్ళు పోయే జాలీ) మార్చారు. ఇంకొకరు టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పూశారు. మూడో ఆయన బాత్‌రూమ్ మొత్తం తవ్వాలి, 60 వేలవుతుంది అన్నారు. ఇప్పటికి 18 వేలు ఖర్చయింది, నీళ్ళు మాత్రం ఆగలేదు. పైన ఉండే అబ్బాయి తలుపు తియ్యడు, పగలు ఎప్పుడు వెళ్ళినా పడుకున్నా అంటాడు. కింది వాళ్ళు ఈ నెల అద్దె ఆపేశారు, బాగు చేయించాకే ఇస్తామంటున్నారు. అమ్మ మోకాళ్ళ నొప్పులతో రోజూ మెట్లెక్కి దిగుతోంది. నిన్న రాత్రి ఫోన్‌లో ఏడ్చింది.

తవ్వించాలా? అద్దె ఆపే హక్కు వాళ్ళకుందా? దూరంగా ఉండి ఇల్లు చూసుకునేవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?

టులెట్_బోర్డు
మోటారు స్విచ్ అమ్మగారి పోర్షన్‌లోనే ఉంటుంది కదా. రెండు రోజులు నీళ్ళు ఆపండి, వాళ్ళే దారికొస్తారు. ఎల్బీనగర్‌లో నాకు ఆరు పోర్షన్లున్నాయి, ఇరవై ఏళ్ళ అనుభవంతో చెప్తున్నా. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు.

మూడో_అంతస్తు
పెచ్చులు మంచం మీద పడుతుంటే పైగా నీళ్ళు కూడా ఆపాలా? ఆ ఇంట్లో చిన్నపిల్లలుంటే? పద్దెనిమిదేళ్ళుగా నేను అద్దె ఇళ్ళల్లోనే ఉన్నా. ఇలా సలహాలిచ్చే ఓనర్లని ఇద్దరిని చూశా. వాళ్ళ టులెట్ బోర్డు గేటు మీద నుంచి దిగిందే లేదు.

కోర్టు_మెట్లు
టులెట్ గారూ, అది అస్సలు చెయ్యకూడదండీ. అద్దె బాకీ ఉన్నా నీళ్ళు, కరెంటు ఆపడం, బయట తాళం వెయ్యడం చట్టం ఒప్పుకోదు. అద్దెదారు పోలీసుల దగ్గరికో కోర్టుకో వెళ్తే తప్పు మీదే అవుతుంది, బాకీ సంగతి పక్కకి పోతుంది.

పూణె గారి ప్రశ్నకి వస్తే, అద్దె మొత్తం ఆపెయ్యడం వాళ్ళ వైపు నుంచి కూడా సరి కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. ఓనర్ చేయించాల్సిన రిపేరు గురించి చెప్పినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. అంతే గానీ బాగయ్యేదాకా పైసా ఇవ్వనని కాదు. ముందు మీ అగ్రిమెంటులో రిపేర్ల గురించి ఏం రాసుకున్నారో చూడండి.

పూణె_నుంచి
@కోర్టు_మెట్లు అగ్రిమెంటు లేదండీ. నాన్న నోటిమాట మీదే ఇచ్చారు, రెండు నెలల అడ్వాన్స్ తీసుకున్నారు. వాళ్ళు ఏడేళ్ళుగా ఉంటున్నారు, ఇంతవరకు ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదట.

సరోజిని_65
ఏడేళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టినవాళ్ళు ఇప్పుడు ఆపారంటే డబ్బు ఎగ్గొట్టడానికి కాదు నాయనా, ఎవరూ పట్టించుకోవట్లేదన్న బాధతో. ముందు నువ్వే ఫోన్ చేసి మాట్లాడు, అమ్మ చేత చెప్పించకు. ఆ గదిలో మంచం ఇంకో వైపుకి జరిపించు. పెచ్చులు నిద్రలో మీద పడితే ప్రమాదం.

సైట్_ఇంజినీర్
ఇప్పుడే ఏదీ తవ్వించకండి. రెండు రిపేర్లు చేయించారు, నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో మాత్రం ఎవరూ చూడలేదు. ముందు తేల్చాల్సింది అదే.

బాత్‌రూమ్ నుంచి నీళ్ళు కారడానికి దారులు మూడు: నీళ్ళొచ్చే పైపు, నీళ్ళు పోయే పైపు, ఫ్లోర్. వచ్చే పైపు పగిలితే పైన మనుషులు లేకపోయినా రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది, ఎందుకంటే ఓవర్‌హెడ్ ట్యాంక్ ప్రెషర్ ఎప్పుడూ ఉంటుంది. పోయే పైపు గానీ, ఫ్లోర్ గానీ అయితే స్నానాలు అయ్యాక రెండు మూడు గంటలకి ఎక్కువై, మళ్ళీ తగ్గుతుంది. కింది వాళ్ళని అడగండి, ఊరెళ్ళినప్పుడు, పండగలప్పుడు పైవాళ్ళు లేకపోయినా చెమ్మ పెరిగిందా అని. ఆ ఒక్క జవాబుతో సగం తేలిపోతుంది.

ఇప్పుడొక పరీక్ష చెప్తా, దీనికి రూపాయి ఖర్చు లేదు. సీలింగ్ మీద మరక అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయించండి. రాత్రి పదకొండింటికి ట్యాంక్ నింపి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో లోపలి గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. ఆ పై పోర్షన్ లైన్ వాల్వ్ ఒక్కటీ తెరిచి మిగతావన్నీ కట్టెయ్యండి. పైన కొళాయి ఒక్కటి కూడా తిప్పకూడదు, ఫ్లష్ కూడా వాడకూడదు. తెల్లారి ఐదింటికి చూస్తే మట్టం తగ్గిందా, పైపే పగిలింది. తగ్గకపోతే ట్రాపో ఫ్లోరో. అప్పుడు నానీ ట్రాప్‌కి గుడ్డ కుక్కి, ఫ్లోర్ మీద రెండంగుళాల నీళ్ళు కట్టి, అందులో నీలిమందు కలిపి 24 గంటలు ఉంచండి. కింద నీలం కనపడితే ఫ్లోర్ పనే.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో బాత్‌రూమ్ స్లాబ్ అడుగు లోతుకి దించి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేసేవారు. లీకు ఆపినా ఆ ఇటుకల్లో నిలిచిన నీళ్ళు రెండు మూడు వారాలు దిగుతూనే ఉంటాయి. ఇంకా కారుతోందని జనం కంగారుపడి రెండోసారి తవ్వించుకుంటారు. పెన్సిల్ గీత అందుకే.

అంజనీ_ఎలక్ట్రికల్స్
సైట్ ఇంజినీర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. సీలింగ్ తడిసిన చోట ఫ్యానో లైటో ఉంటే వెంటనే దాని ఎంసీబీ (ఆ లైనుకి కరెంటు ఆపే స్విచ్) దించెయ్యండి. తడి స్లాబ్‌లో వైర్లు పోయే కండ్యూట్ పైపు గుండా నీళ్ళు స్విచ్ బోర్డు దాకా వస్తాయి. మా చేతిలో ఇలాంటి కేసులు ప్రతి వానాకాలం రెండు మూడు ఉంటాయి. 1998 ఇల్లంటే ఎర్తింగ్ గుంత ఎప్పుడు తడిపారో కూడా అడగండి. ఇంటికంతా కలిపి ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. మనిషికి షాక్ కొడితే లైను పడిపోయేది దానితోనే, మామూలు ఎంసీబీతో కాదు.

నైట్_షిఫ్ట్
పై పోర్షన్ అబ్బాయి తరఫున ఒక మాట. నేను కూడా రాత్రి ఉద్యోగమే. పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంటే పదకొండింటికి ప్లంబర్ తలుపు కొడతాడు, లేచి తీస్తే గంట పని, మళ్ళీ నిద్ర రాదు. మర్నాడు ఇంకో ప్లంబర్. ముందురోజు మెసేజ్ పెట్టి, ఆదివారం సాయంత్రం ఐదింటికి రమ్మంటే నేనైతే టీ కూడా పెట్టి ఇస్తా.

పూణె_నుంచి
నిజమేనండీ, అతను గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ అని అమ్మ ఒకసారి చెప్పింది. నేను దాని గురించి ఆలోచించలేదు. ఇవాళే మెసేజ్ పెడతా.

బెజవాడ_రాణి
మాకు పటమటలో నాలుగు వాటాలు. ఆయన దుబాయ్‌లో ఉంటే పన్నెండేళ్ళుగా నేనే చూసుకుంటున్నా. నేను నేర్చుకున్నవి చెప్తా, మీకు పనికొస్తాయేమో.

నమ్మకమైన ప్లంబర్ ఒకరు, ఎలక్ట్రీషియన్ ఒకరు, వీళ్ళని మార్చకూడదు. పది రూపాయలు ఎక్కువైనా వాళ్ళకే పని ఇవ్వాలి. ఇల్లు వాళ్ళకి గుర్తుంటుంది, ఏ గోడలో ఏ పైపు పోతోందో చెప్పగలరు. మీరు ముగ్గురిని మార్చారు, ఎవరికి వాళ్ళు మొదటి నుంచి మొదలుపెట్టారు.

కొత్తవాళ్ళు దిగే రోజు గది గదీ ఫోన్‌లో వీడియో తీస్తా. కొళాయిలు తిప్పి, ఫ్లష్ నొక్కి, స్విచ్‌లు వేసి చూపిస్తా. మీటర్ రీడింగ్ ఫోటో తీసి వాళ్ళకే వాట్సాప్‌లో పంపిస్తా. ఖాళీ చేసేటప్పుడు ఇద్దరం కలిసి అదే వీడియో చూస్తాం. ఇలా మొదలుపెట్టాక అడ్వాన్స్ దగ్గర మాటామాటా రాలేదు.

కొళాయిలు చవకవి వేస్తే బోరు నీళ్ళకి ఏడాది తిరక్కుండానే ఉప్పు పేరుకుని కారతాయి. బరువున్న ఇత్తడివి వేయిస్తా. ఖర్చు రెట్టింపే, కానీ ఎనిమిదేళ్ళయినా మార్చలేదు.

మూడో_అంతస్తు
@బెజవాడ_రాణి మీలాంటి ఓనర్ దొరికితే నేను విజయవాడ మారిపోతానండీ. మొన్న ఖాళీ చేసిన చోట పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసుకున్నారు. మూడేళ్ళున్నాం, గోడకి ఒక్క మేకు కొట్టలేదు. తర్వాత వచ్చినవాళ్ళని అడిగితే అసలు పెయింటే వేయలేదు.

టులెట్_బోర్డు
అది హైదరాబాద్‌లో ఆనవాయితీ అండీ. మూడేళ్ళకి ఏ గోడైనా మాసిపోతుంది. లప్పం, ప్రైమర్, రెండు కోట్లు అంటే డబుల్ బెడ్‌రూమ్‌కి నాకు 25 వేలు దాటింది.

మూడో_అంతస్తు
వాడకంతో మాసేది ఓనర్ ఖర్చు, పగలగొట్టింది అద్దెదారు ఖర్చు. ఆనవాయితీ అయితే దిగేటప్పుడే చెప్పి కాగితం మీద రాయాలి కదా. మూడేళ్ళు ఇచ్చిన అద్దెలోంచి ఒక నెల గోడలకి పెట్టడం అంత కష్టమా?

లెక్కల_మాస్టారు
ఇక్కడ ఇద్దరూ కొంత కొంత కరెక్టే. నేను అగ్రిమెంటులో ఇలా రాస్తా: ఏడాదిలోపు ఖాళీ చేస్తే సగం నెల, రెండేళ్ళ తర్వాత అయితే కోత లేదు. మంచి అద్దెదారు ఎక్కువకాలం ఉండటమే నాకు లాభం. ఒక పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయేది పెయింట్ ఖర్చుకంటే ఎక్కువ. ఆషాఢంలో ఖాళీ అయితే మరీ, పాలు పొంగించడానికి శ్రావణం దాకా ఎవరూ రారు. నేనైతే పెయింట్లు, రిపేర్లు ఆ నెలకే పెట్టుకుంటా.

అడ్వాన్స్ మాట వచ్చింది కాబట్టి, కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్స్ తీసుకోవద్దంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తెచ్చుకుంటేనే అమలు. కానీ మన దగ్గర రెండు నెలలు ఎటూ నడుస్తున్న పద్ధతే.

పూణె గారూ, మీ నాన్నగారు వీలునామా రాశారా?

పూణె_నుంచి
లేదండీ. ఇల్లు, కరెంటు మీటర్లు, ఇంటిపన్ను అన్నీ ఇంకా నాన్న పేరు మీదే ఉన్నాయి. అద్దెలు అమ్మ ఖాతాలో పడుతున్నాయి.

లెక్కల_మాస్టారు
అయితే లీకుతో పాటు ఇది కూడా ఈ ఏడాదే సర్దుకోండి. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, మీకు, మీ చెల్లెలికి సమాన వాటాలు. మీ నానమ్మ ఉంటే ఆమెకి కూడా ఒక వాటా. మ్యుటేషన్ (రికార్డుల్లో ఇల్లు మీ పేర్ల మీదకి మార్పించడం) చేయించుకోకపోతే రేపు అగ్రిమెంటు మీద సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గరే చిక్కు వస్తుంది.

పన్ను కూడా అంతే. అద్దె అమ్మ ఖాతాలో పడుతోంది కాబట్టి ఆమెదే అనుకుంటే కుదరదు, ఎవరి వాటా వాళ్ళ లెక్కలోకి వస్తుంది. మీ అంకెలతోనే చూద్దాం. నెలకి 55 వేలంటే ఏడాదికి 6,60,000. అద్దె పోర్షన్ల మీద పడే ఇంటిపన్ను 12 వేలు అనుకుంటే మిగిలేది 6,48,000. అందులో 30 శాతం, అంటే 1,94,400, రిపేర్ల కింద చట్టమే తీసేస్తుంది. మీరు నిజంగా రూపాయి ఖర్చు పెట్టినా, లక్ష పెట్టినా అంతే. బిల్లులు చూపించక్కర్లేదు, ఎక్కువైందని చూపించినా ఒప్పుకోరు. మిగిలింది 4,53,600. ముగ్గురికీ పంచితే మనిషికి 1,51,200. అమ్మగారికి వేరే పెద్ద ఆదాయం లేకపోతే పన్నే ఉండదు. మీది జీతంతో కలుస్తుంది.

ఇంటిపన్ను ఏప్రిల్‌లోనే కట్టండి. ఏడాది మొత్తం ముందే కడితే జీహెచ్ఎంసీ 5 శాతం తగ్గిస్తూ వస్తోంది.

డాలస్_బావ
మాస్టారూ, ఎన్నారై సంగతి కూడా చెప్పండి, చాలామందికి తెలీదు. నాకు కొండాపూర్‌లో ఫ్లాట్ ఉంది. ఓనర్ విదేశంలో ఉంటే అద్దె ఎంత తక్కువైనా సరే అద్దెదారు అద్దెలోంచి టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. నా అద్దెదారుకీ తెలీదు, నాకూ తెలీదు. రెండేళ్ళ తర్వాత తెలిసి ఇద్దరం పరుగులు పెట్టాం.

లెక్కల_మాస్టారు
అవునండీ. ఎన్నారై ఓనర్‌కి సెస్సుతో కలిపి 31.2 శాతం కోత. తక్కువ కోతకి సర్టిఫికెట్ కోసం ముందే దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఓనర్ ఇక్కడే ఉంటే మామూలు అద్దెదారు నెలకి 50 వేలు దాటితేనే కొయ్యాలి, 2024 అక్టోబర్ నుంచి అది 2 శాతమే. పూణె గారి పోర్షన్లకి ఆ గొడవ లేదు. కానీ ఏడాదికి లక్ష దాటిన అద్దెకి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో అద్దె భత్యం) మినహాయింపు కోసం అద్దెదారు మీ పాన్ అడుగుతాడు, ఇవ్వాలి.

కొత్త_ఓనర్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా ఫ్లాట్ ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టా. ఆర్మీ ఆఫీసర్‌నని ఒకాయన ఫోన్ చేశాడు. హైదరాబాద్‌కి బదిలీ అయిందట, ఇల్లు చూడక్కర్లేదు, అడ్వాన్స్ ఇప్పుడే పంపిస్తా అంటున్నాడు. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చెయ్యమన్నాడు.

బెజవాడ_రాణి
చెయ్యకండి!! మోసం అది.

అంజనీ_ఎలక్ట్రికల్స్
మనకి డబ్బు రావాలంటే స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. యూనిఫాంలో ఫోటో, ఐడీ కార్డు పంపినా నమ్మకండి. ఇల్లు చూడకుండా అడ్వాన్స్ ఇచ్చేవాళ్ళు ఉండరు. నంబర్ బ్లాక్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చెయ్యండి.

కొత్త_ఓనర్
బ్లాక్ చేశానండీ. చేతులు వణుకుతున్నాయి. థాంక్యూ.

సరోజిని_65
పూణె బాబూ, ఒక మాట గుర్తొచ్చింది. మీ నాన్నగారు ఇంటి లెక్కలు రాసిన నోటుబుక్ ఏదైనా ఉందేమో అమ్మని అడుగు. ఆ తరం వాళ్ళు ఇల్లు కట్టించినప్పుడు మేస్త్రీ కూలీ దగ్గర్నుంచీ రాసుకునేవారు. మా ఆయన పోయాక ఆయన డైరీ చూసే నేను బోరు ఎన్ని అడుగులో, పంపు ఎన్నో అడుగున దించారో తెలుసుకున్నా.

హాస్టల్_నర్సు
అద్దెదారుల వైపు నుంచి ఇంకో బాధ. మేం ముగ్గురం నర్సులం, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల రెండు నెలలు తిరిగాం. బ్యాచిలర్స్‌కి ఇవ్వం అన్నారు, ఆడపిల్లలం అంటే నైట్ డ్యూటీలు కుదరవు అన్నారు. ఇద్దరు ఓనర్లైతే నేరుగా ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఆ తర్వాత ఇల్లు వేరేవాళ్ళకి అయిపోయిందన్నారు. గేటు మీద బోర్డు అలాగే ఉంది. జీతం చీటీ చూపిస్తాం, ఆధార్ ఇస్తాం, అడ్వాన్స్ ఇస్తాం. ఇంకేం కావాలి?

బెజవాడ_రాణి
నా పై వాటాలో నలుగురు ఆడపిల్లలున్నారమ్మా, ఐదో తారీఖు రాకముందే అద్దె పడుతుంది. మా అత్తగారికి ఒంట్లో బాగోకపోతే సెలైన్ పెట్టింది వాళ్ళే. మనిషిని చూసి ఇవ్వాలి గానీ ఇంటిపేరు చూసి కాదు.

టులెట్_బోర్డు
నేను కూడా కుటుంబాలకే ఇచ్చేవాణ్ణి. ఈ మాట చదివాక నా కోడలు గుర్తొచ్చింది, పెళ్ళికి ముందు బెంగళూరులో ఇలాగే తిరిగిందట. కింది రెండో పోర్షన్ వచ్చే నెల ఖాళీ అవుతుందమ్మా. ఎల్బీనగర్ మెట్రోకి పది నిమిషాల నడక. నాకు మెసేజ్ పెట్టండి.

కోర్టు_మెట్లు
ఎవరికిచ్చినా గుర్తింపు కాగితాలు తీసుకోండి. తెలంగాణలో హాక్ ఐ యాప్‌లో అద్దెదారు వివరాలు పోలీసులకి ఇవ్వొచ్చు, పది నిమిషాల పని. ఏడేళ్ళుగా ఉన్నవాళ్ళకైనా ఇప్పుడు అగ్రిమెంటు రాసుకోండి. కేంద్ర చట్టంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఉంది కాబట్టి 11 నెలలకి రాస్తుంటారు, కానీ మన తెలుగు రాష్ట్రాల సవరణ ప్రకారం ఏ లీజుకైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. నోటీసు గడువు రాయడం మర్చిపోకండి. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకి చట్టం చెప్పేది 15 రోజులే, అది ఇద్దరికీ చాలదు. అద్దె ఏడాదికి ఎంత శాతం పెరుగుతుందో, ఏ రిపేరు ఎవరిదో, రిపేరుకి లోపలికి రావాలంటే ఎంత ముందు చెప్పాలో కూడా అందులోనే రాయండి.

అంజనీ_ఎలక్ట్రికల్స్
పోర్షన్‌కి వేర్వేరు మీటర్లు ఉన్నాయా పూణె గారూ? చాలా పాత ఇళ్ళల్లో రెండు పోర్షన్లకి ఒక మీటరు, లోపల సబ్ మీటరు ఉంటుంది. యూనిట్లు కలిసేసరికి ఎక్కువ రేటు స్లాబులోకి పోయి ఇద్దరికీ బిల్లు పెరుగుతుంది. తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉన్న అద్దెదారులకి కూడా నెలకి 200 యూనిట్ల లోపు గృహజ్యోతి (ఉచిత కరెంటు) వస్తుంది, రెండిళ్ళ వాడకం ఒక మీటర్లో కలిస్తే అది కూడా పోతుంది. మోటారుకి, మెట్ల లైట్లకి వేరే మీటరు పెట్టించి మెయింటెనెన్స్‌లో పంచడం మేలు.

మూడో_అంతస్తు
ఇది వంద శాతం నిజం. మోటారు నా మీటరు మీద ఉందని నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. ఊళ్ళోవాళ్ళందరికీ నేనే నీళ్ళు పోశా.

పూణె_నుంచి
శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చేశా. రెండు రోజులుగా ఇక్కడే ఉన్నా. అందరికీ వివరంగా చెప్పాలి.

ముందు కింది వాళ్ళ దగ్గరికి వెళ్ళా. ఆయన ఆటోమొబైల్ షాపులో పని చేస్తారు. "మీ నాన్నగారైతే సాయంత్రానికే నిచ్చెన వేసుకుని వచ్చేవారు బాబూ" అన్నారు. అద్దె డబ్బు కవర్లో పెట్టి దేవుడి గూట్లో దాచి ఉంచారు. ఖర్చు చేసుకోలేదు. మంచం జరిపించా, ఆ గది లైటు ఎంసీబీ దించేశా. పైవాళ్ళు సంక్రాంతికి వారం లేకపోయినా చెమ్మ పెరిగిందని ఆవిడ చెప్పారు.

సరోజిని గారూ, మీరు చెప్పినట్టే డైరీ దొరికింది. 2009 నాటి డైరీ, బీరువాలో పన్ను రసీదుల కింద ఉంది. ఏ వాల్వ్ ఏ పోర్షన్‌దో నాన్న బొమ్మ వేసి పెట్టారు. మోటారు కెపాసిటర్ ఎప్పుడు మార్చిందీ, సంపు ఎప్పుడు కడిగించిందీ తేదీలతో సహా ఉంది. చివరి పేజీల్లో ఒక లైను: "ఫస్ట్ ఫ్లోర్ వెనక, గీజర్ లైన్ ఇంకా జీఐ. దసరా తర్వాత మార్చాలి." ఆయన పోయింది భాద్రపదంలో.

శనివారం రాత్రి ట్యాంక్ పరీక్ష చేశాం. నీళ్ళు వాడొద్దని అన్ని పోర్షన్లకీ ముందే చెప్పి బకెట్లలో పట్టించుకున్నాం. తెల్లారి ఐదింటికి టార్చి వేసి చూస్తే సుద్ద గుర్తుకి నాలుగు వేళ్ళ కింద ఉంది నీళ్ళు. ఆదివారం సాయంత్రం పై అబ్బాయే తలుపు తీసి కూర్చోబెట్టాడు. గీజర్ వాల్వ్ కట్టేసి మళ్ళీ చూశాం, మూడు గంటలైనా మట్టం కదల్లేదు.

అతను చెప్పిన మాట నన్ను చాలా బాధపెట్టింది. ఐదు నెలలుగా వేడినీళ్ళు సన్నగా వస్తున్నాయట. "అంకుల్ లేరు కదన్నా, ఆంటీని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదు" అన్నాడు.

సైట్_ఇంజినీర్
అంటే గోడలో జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) తుప్పుపట్టింది. ఆ గోడ తవ్వి జీఐకి అతుకులు వేయించకండి, పక్కనే ఇంకోచోట పగులుతుంది. పాత లైను రెండు కొసల్లోనూ మూసి డెడ్ చేసి, సీపీవీసీ (వేడినీళ్ళు తట్టుకునే ప్లాస్టిక్) కొత్త లైను గోడ బయట నుంచి తీయండి. మామూలు పీవీసీ వేడినీళ్ళకి మెత్తబడుతుంది, తక్కువకి వస్తుందని దాన్ని వేయనివ్వకండి. చూడ్డానికి అంత బాగుండదు గానీ అద్దె ఇంట్లో పైపు కంటికి కనపడటమే మంచిది.

పూణె_నుంచి
సోమవారం అలాగే చేయించా. రాణి గారి మాట విని నాన్న డైరీలో ఉన్న ప్లంబర్ నంబరుకే ఫోన్ చేశా. ఇప్పుడు ఆయన కొడుకు చేస్తున్నాడు. చూద్దామని రెండు టైల్స్ తీస్తే గీజర్ కింద ఎల్బో (పైపు వంపు) దగ్గర శనగగింజంత చిల్లు, చుట్టూ తుప్పు పొరలు. మొత్తం 7,400 అయింది. ఫ్లోర్ ముట్టుకోలేదు.

అద్దె విషయం కూడా తేలింది. ఈ మూడు నెలలు ఆ గది సరిగ్గా వాడుకోలేకపోయారు కాబట్టి నెలకి 2 వేలు తగ్గిస్తానన్నా. ఆయన వద్దన్నారు, చివరికి వెయ్యికి ఒప్పుకున్నారు. అమ్మ, చెల్లి, నేను కలిసి మ్యుటేషన్‌కి కాగితాలు తీస్తున్నాం. అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఏది పాడైనా ఫోటో తీసి అందులో పెట్టండి, అమ్మని మెట్లెక్కించొద్దు అని చెప్పా. మొదటి మెసేజ్ రెండో అంతస్తు నుంచి వచ్చింది, ట్యాంక్ మూత సగం విరిగి ఉందని.

సీలింగ్‌కి లప్పం ఎప్పుడు పెట్టించాలి?

సైట్_ఇంజినీర్
తొందరపడకండి. మరక పూర్తిగా ఆరాలి, ఎండాకాలం కాబట్టి నెల పట్టొచ్చు. ఆరాక కర్రతో తట్టించండి, డొల్ల శబ్దం వచ్చిన ప్లాస్టరింగ్ అంతా రాల్చెయ్యాలి. లోపల ఇనుము కనపడితే వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, యాంటీ రస్ట్ కోటు వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చి, ఆ తర్వాతే లప్పం. నేరుగా లప్పం పెడితే దసరాకి మళ్ళీ ఊడుతుంది. వానలు మొదలయ్యేలోపు మేడ మీద వాన నీటి గొట్టాల్లో ఆకులు కూడా తీయించండి.

బెజవాడ_రాణి
నాన్నగారి డైరీలో మిగిలిన పేజీల్లో ఈ ఎల్బో సంగతి, తేదీ, ప్లంబర్ కొడుకు నంబరు రాయండి.

పూణె_నుంచి
రాశానండీ. పూణె తిరిగొచ్చి పద్దెనిమిది రోజులైంది. కింది వాళ్ళు ఇందాకే గ్రూపులో ఫోటో పెట్టారు. మరక పెన్సిల్ గీతకి నాలుగంగుళాలు లోపలికి వెళ్ళింది. పక్కన వాళ్ళ పాప ఇంకో గీత గీసి ఇవాళ్టి తేదీ వేసింది.